ఐస్‌లాండిక్ ‘హౌల్స్’: మెడ, గొంతు, గట్టు, ఆపైన స్వేచ్ఛ

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. రేక్యావిక్‌లో మీరు చేరబోయే ఆఫీసు ‘లింగ్‌హౌల్స్’ అనే వీధిలో ఉంది. డిక్షనరీలో ఆ చివరి మాటకు ‘మెడ’ అని అర్థం కనిపించింది, మరి వీధికి మెడ పేరు ఎందుకు పెట్టారన్నది మొదటిది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది రెండోది. సంస్కృతంతో దానికేమైనా చుట్టరికం ఉందా అన్నది మూడోది. నేను చాలా ఏళ్లుగా పాత నార్స్ భాష (ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్, డెన్మార్క్ భాషలకు తల్లి) చదువుతూ, చదువు చెబుతూ ఉన్నాను. శరీర భాగాల పేర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే. అందుకని జవాబు పొడుగ్గానే ఉంటుంది.

ముందు పలకడం సంగతి. మీరు ‘హాల్స్’ అని రాశారు. రాతలో ‘ఎ’ (a) అక్షరం మీద వాలుగీత ఉంది కదా, దాన్ని ఐస్‌లాండ్ వాళ్లు దీర్ఘంగా ‘ఆ’ అని పలకరు, మన ‘ఔ’ లాగే పలుకుతారు. కాబట్టి ‘హౌల్స్’. నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో ఇదే మాట ‘హల్స్’గా ఉండిపోయింది. పాత నార్స్‌లో కూడా ముందు హ్రస్వంగా ‘హల్స్’ అనే అనేవారు. సుమారు 1200 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో లకారం తర్వాత కొన్ని హల్లులు వస్తే దాని ముందున్న అచ్చు సాగింది. ‘హల్స్’ ‘హాల్స్’ అయింది, ఆ తర్వాతి శతాబ్దాల్లో ఆ దీర్ఘమే ‘ఔ’గా మారింది. దూడను ‘కౌల్వుర్’ అనడం, సాయాన్ని ‘హ్యౌల్ప్’ అనడం ఈ మార్పు వల్లనే. ఒక్క నియమం గుర్తుంటే ఇలాంటి డజన్ల మాటలు ఒకేసారి అర్థమవుతాయి.

ఇంకో చిన్న విషయం. ఐస్‌లాండిక్‌లో పుంలింగ నామవాచకాలు చాలావరకు ‘ఉర్’తో ముగుస్తాయి. గుర్రం ‘హెస్తుర్’, చెయ్యి ‘అర్మ్‌ర్’ నుంచి వచ్చిన ‘అర్ముర్’. మరి హౌల్స్‌కు ఆ తోక ఎందుకు లేదు? దాని ధాతువు ‘స్’తో ముగుస్తుంది, పక్కన వచ్చిన ‘ర్’ ఆ ‘స్’లోనే కలిసిపోయింది. జలపాతాన్ని ‘ఫోస్’ అనడంలోనూ, మంచును ‘ఈస్’ అనడంలోనూ జరిగింది ఇదే. బహువచనంలో మాత్రం మామూలుగానే ‘హౌల్సర్’ అవుతుంది.

ఇప్పుడు అర్థాలు. మనకు మెడ వేరు, గొంతు వేరు. మెడ పట్టేస్తుంది, గొంతు బొంగురుపోతుంది. ఐస్‌లాండ్ వాళ్లకు మామూలు మాటల్లో రెండూ హౌల్సే. మెడలో వేసుకునే నగ ‘హౌల్స్‌మెన్’. మెడ పట్టేస్తే ‘హౌల్స్‌రీగుర్’. గొంతునొప్పి ‘హౌల్స్‌బోల్గా’, అంటే హౌల్స్ వాపు. చెవి ముక్కు గొంతు డాక్టర్ పేరు కూడా వాళ్ల వరసలో హౌల్స్‌తోనే మొదలవుతుంది: గొంతు, ముక్కు, చెవి. గొంతు లోపలి భాగాలకు ‘క్వెర్క్’, ‘కోక్’, ‘బార్కీ’ లాంటి విడి మాటలు ఉన్నాయి గానీ, జలుబు చేసినవాడు మందుల షాపులో అడిగేది హౌల్స్ గురించే. మన భాషలో దీనికి దగ్గరగా వచ్చేది ‘కంఠం’. నీలకంఠుడి కంఠం మెడే, పాట పాడే కంఠం గొంతే. హౌల్స్‌కు కూడా ఆ గొంతు వాసన ఉంది. ‘ఫుత్లుమ్ హౌల్సీ’, అంటే ‘నిండు హౌల్స్‌తో’, జవాబు చెప్పాడంటే వెనక్కి తగ్గకుండా గట్టిగా గొంతెత్తి ఎదురు చెప్పాడని.

‘లిగ్యా ఎయిన్హ్‌వెర్యుమ్ ఔ హౌల్సీ’ తరహా పలుకుబడి ఒకటుంది, ఒకరి మెడ మీద పడి ఉండడం అని దాని రూపం. ఫలానా పని చేశావని, చేయలేదని నిందించడం దాని అర్థం. పార్లమెంటు చర్చల్లో, పత్రికల్లో తరచూ కనిపిస్తుంది, నేర్చుకుని పెట్టుకోండి. అన్నిటికన్నా మెత్తనిది ‘హౌల్సాకోట్’. ఎత్తుకున్న పిల్లలు తల వాల్చుకునే చోటు ఉంటుందే, మెడకూ భుజానికీ మధ్య, దాని పేరు అది. ‘కోట్’ అంటే చిన్న గుడిసె. మెడలో ఒక చిన్న గుడిసె! ఐస్‌లాండ్ తల్లులు పసివాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ మాట వినబడుతుంది, ఇంతకన్నా ముద్దైన మాట ఆ భాషలో నాకు కనబడలేదు.

వైద్యం వైపు వెళ్తే ఈ మాట శరీరమంతా పాకింది. పంటికి చిగురు దగ్గర సన్నబడే చోటు పంటి మెడ, ‘తన్‌హౌల్స్’. గర్భాశయ ముఖద్వారం ‘లేగ్‌హౌల్స్’, అంటే గర్భసంచి మెడ. ప్రోస్టేట్ గ్రంథి పేరు ‘బ్లోద్రుహౌల్స్‌కిర్టిత్ల్’, విడగొడితే ‘మూత్రాశయం మెడ దగ్గరి గ్రంథి’. గర్భాశయం విషయంలో మనం ముఖం, ద్వారం అనుకున్నాం, వాళ్లు మెడ అనుకున్నారు. నిజానికి లాటిన్‌లోనూ మెడే, ‘సెర్విక్స్’. అందుకే మన ఆసుపత్రుల్లో మెడనొప్పికి రాసే ‘సర్వైకల్ స్పాండిలోసిస్’లోనూ, ఆడవాళ్లకు వచ్చే ‘సర్వైకల్ క్యాన్సర్’లోనూ ఒకే ‘సర్వైకల్’ ఉంది. ఆ రిపోర్టు చూసి మెడకు క్యాన్సర్ అనుకుని టెన్షన్ పడినవాళ్లు ఉంటారు, కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది. వస్తువుల మెడలు మనకూ తెలిసినవే: సీసా మెడ, గిటార్ మెడ. సీసా మెడ ‘ఫ్లోస్కుహౌల్స్’ను ట్రాఫిక్ ఇరుక్కుపోయే చోటికీ, పని ముందుకు సాగని చోటికీ కూడా వాడతారు.

ఇక మీ వీధి. నేల మీద హౌల్స్ అంటే రెండు లోయల మధ్యనో, రెండు సముద్రపాయల మధ్యనో పొడుగ్గా సాగిన గట్టు. పెద్ద పర్వతమైతే ‘ఫ్యాత్ల్’, మీద విశాలంగా బీడు పరుచుకుంటే ‘హెయ్ది’, కొండ వరసలో గండి పడితే ‘స్కార్ద్’. వీటిలో హౌల్స్‌కు ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, అది చాలాసార్లు మనిషి దాటే గట్టు. ఈ ఊరి నుంచి ఆ ఊరికి గుర్రం మీద వెళ్లాలంటే మధ్యలో ఎక్కి దిగాల్సింది అదే. తలనూ మొండేన్నీ మెడ కలిపినట్టు ఇది రెండు చోట్లను కలుపుతుందని కొందరంటారు. పడుకున్న జంతువు మెడలా వంపు తిరిగి కనిపించడమే కారణమని ఇంకొందరు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఐస్‌లాండ్‌లో కొండల పేర్లు పెట్టింది కంటికి కనిపించిన ఆకారాన్ని బట్టే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ‘హోవ్ది’ తల నుంచి వచ్చింది. ‘ఎన్ని’ అంటే నుదురు, నిటారు కొండచరియ. ‘ఓక్స్ల్’ భుజం. ‘కిన్’ చెంప, ఉత్తరాన ఒక ప్రాంతం పేరే చల్లని చెంప, ‘కాల్దాకిన్’. ‘టుంగా’ నాలుక, రెండు నదుల మధ్య సాగిన నేల. వాయవ్య ద్వీపకల్పం మొత్తాన్ని ‘దవడ’ అంటారు. మనం ‘కొండ పాదం’ అని ఆగిపోయాం, వాళ్లు తల నుంచి పేర్లు మొదలుపెట్టి ఒక్కో అవయవాన్నీ నేల మీద పరిచారు.

రేక్యావిక్ తూర్పు వైపు పారిశ్రామిక వాడలో వీధులన్నిటికీ చివర హౌల్స్ పెట్టారు, ఆ వాడనే ‘హౌల్సర్’ అంటారు. ఒక పేటలోని వీధులకు ఒకే చివరి మాట పెట్టడం ఆ నగరపు అలవాటు. మీ ‘లింగ్‌హౌల్స్’లో ‘లింగ్’ అంటే బీడు నేలల్లో పెరిగే హీథర్ జాతి పొద. కాబట్టి మీ వీధి పేరు ‘పొదల గట్టు’, మెడతో పని లేదు. పక్కనే ‘గ్ర్యోట్‌హౌల్స్’ రాళ్ల గట్టు, ‘హెస్ట్‌హౌల్స్’ గుర్రపు గట్టు. ‘టుంగుహౌల్స్’ అనే వీధి కూడా ఉంది. డిక్షనరీ పట్టుకుని చదివితే ‘నాలుక మెడ’ అవుతుంది, ఆ ఊరివాళ్ల చెవికి మాత్రం అందులో నేల తప్ప ఇంకేమీ వినబడదు.

అసలు హౌల్స్ చూడాలంటే సెలవు రోజున క్రీసువీక్ వైపు వెళ్లండి. క్లెయ్‌వర్‌వత్న్ అనే సరస్సుకు పడమటి ఒడ్డున గోడలా నిలబడ్డది ‘స్వెయ్‌ప్లుహౌల్స్’. దానికి సమాంతరంగా ఇంకాస్త పడమట ‘నూప్స్‌హ్లీదర్‌హౌల్స్’. మంచుయుగంలో హిమానీనదం కింద పేలిన అగ్నిపర్వతాల వల్ల పుట్టిన గట్లు ఇవి. స్వెయ్‌ప్లుహౌల్స్ తూర్పు పాదాన సెల్‌టూన్ దగ్గర ఇప్పటికీ బురద కుతకుతా ఉడుకుతూ ఉంటుంది.

హౌల్స్‌ను దాటడం ఎంత కష్టమో తెలియాలంటే పశ్చిమ ఫ్యోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయల) సంగతి వినాలి. అక్కడ 60వ నంబరు రోడ్డు ‘ఓద్ర్యూగ్స్‌హౌల్స్’, ‘హ్యాత్లాహౌల్స్’ అనే రెండు గట్ల మీదుగా కంకర బాటగా ఎక్కి దిగేది. చలికాలంలో జనం అవస్థ పడేవారు. ఆ రెంటినీ తప్పించి ఒడ్డు వెంట కొత్త రోడ్డు వేద్దామంటే అది ‘టెయ్‌గ్స్‌స్కోగుర్’ అనే బర్చ్ అడవి గుండా పోవాలి. చెట్లు అరుదైన దేశంలో అది చిన్న విషయం కాదు, ఏళ్ల తరబడి వివాదం నడిచింది, చివరికి రోడ్డు వేశారు. తూర్పున ఇంకో పేరు ఇంతకన్నా పెద్ద గొడవ చూసింది. కౌరహ్న్యూకర్ ఆనకట్ట వెనక నీరు నిలిచిన జలాశయం ‘హౌల్స్‌లోన్’, 2006లో నింపడం మొదలుపెట్టారు, దాదాపు 57 చదరపు కిలోమీటర్లు. 690 మెగావాట్ల ఆ విద్యుత్తు రెయ్దర్‌ఫ్యోర్దుర్‌లోని అల్యూమినియం కర్మాగారానికి పోతుంది. పర్యావరణం గురించి ఐస్‌లాండ్ అంతగా చీలిపోయిన సందర్భాలు తక్కువ.

నీటి మీదైతే హౌల్స్ ఇరుకు. డెన్మార్క్‌లో లిమ్‌ఫ్యోర్డ్ తూర్పు ముఖం దగ్గరున్న ఊరి పేరే ‘హల్స్’. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య సుమారు 4 కిలోమీటర్ల జలసంధికి అటూ ఇటూ ఉన్న హెల్సింగోర్, హెల్సింగ్‌బోర్గ్ పేర్లలో ఉన్నదీ ఈ మెడేనని పండితులు ఎక్కువమంది చెబుతారు. పాత ఓడల్లో ముందు భాగాన్ని కూడా ‘హల్స్’ అనేవారు, లంగరు గొలుసు దిగే చోటికి ఇంగ్లీషు నావికులు వాడే ‘హాజ్’ అనే మాట అక్కడి నుంచే వెళ్లింది.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకో మాట గురించి. హౌల్స్ కనబడకుండా దాగిన మాట అది: ‘ఫ్ర్యౌల్స్’. ఐస్‌లాండిక్‌లో దాని అర్థం ‘స్వేచ్ఛ గల’. దీని పాత రూపం ‘ఫ్రీయ హల్సజ్’, అంటే ‘స్వేచ్ఛ గల మెడ ఉన్నవాడు’. రెండు మాటలు అతుక్కుని, అరిగి, ఇప్పుడు ఒకే అక్షరపు మాటగా మిగిలాయి. ఇది ఒక్క ఐస్‌లాండ్‌లోనే జరగలేదు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోథిక్ భాషలోకి (ఇప్పుడు అంతరించింది) చేసిన బైబిల్ అనువాదంలో స్వేచ్ఛకు మాట ‘ఫ్రీహల్స్’. పాత జర్మన్‌లో స్వతంత్రుడు ‘ఫ్రీహల్స్’. పాత ఇంగ్లీషులో ‘ఫ్రేయోల్స్’, అది స్వేచ్ఛ మాత్రమే కాదు, పని లేని పండగ రోజు కూడా. అంటే జర్మానిక్ అనే ఒకే కుటుంబానికి చెందిన ఈ భాషలు విడిపోకముందే ఆ సమాసం ఉంది.

మెడకూ స్వేచ్ఛకూ ఏమిటి సంబంధం? బానిస మెడకు పట్టీ ఉంటుంది, స్వతంత్రుడి మెడకు ఉండదు అన్నది అందరూ చెప్పే వివరణ. అది కొంతవరకు నిజమే కావచ్చు గానీ, అంతకన్నా లోతైనది ఇంకొకటి ఉంది. ఆ కాలపు చట్టాల్లో మెడ అంటే మనిషి ప్రాణం, మనిషి తనం. నార్వేలోని త్రోండెలాగ్ ప్రాంతపు ఫ్రోస్టాథింగ్ చట్టంలో బానిసను విడుదల చేసే తంతు రాసి ఉంది. విడుదలయ్యేవాడు ‘స్వేచ్ఛ బీరు’ కాచి విందు ఇవ్వాలి, ఒక పొట్టేలును కోయాలి. స్వతంత్రంగా పుట్టినవాడు దాని తల తీయాలి. అప్పుడు యజమాని మెడ మీద నుంచి ‘హల్స్‌లౌస్న్’ తీసుకోవాలి. హల్స్‌లౌస్న్ అంటే మెడ విడుపు, మెడకు చెల్లించే వెల. ఆ మెడ పొట్టేలుదా, బానిసదా అన్నది వాక్యంలో స్పష్టంగా లేదు, పండితులు దాని మీద వాదించుకున్నారు. ఎవరిదైనా సరే, మనిషి తనకు తాను దక్కడాన్ని చట్టం మెడ పేరుతోనే చెప్పింది.

ఐస్‌లాండ్‌లో ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న విషయం కాదు. 9వ శతాబ్దం చివర నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఐర్లాండ్, స్కాట్లాండ్‌ల నుంచి చాలామందిని బానిసలుగా తెచ్చారు. మొదటి వలసదారు ఇంగోల్వుర్ సోదరతుల్యుడు హ్యోర్‌లెయ్‌వుర్‌ను అతని ఐరిష్ బానిసలే చంపి దక్షిణాన ఉన్న దీవులకు పారిపోయారని వలసల గ్రంథం చెబుతుంది. ఐరిష్‌వాళ్లను ‘పడమటివాళ్లు’ అనేవారు కనుక ఆ దీవులు ఇప్పటికీ పడమటివాళ్ల దీవులు, వెస్త్‌మన్నయెయ్యర్. ఇంగోల్వుర్ వాళ్లను వెంటాడి అక్కడే చంపాడు. ఆ మనుషుల పేర్లు కొన్ని దీవుల కొండలకు మిగిలాయి. ‘ఫ్ర్యౌల్స్’ అనే మాట ఎదురైనప్పుడల్లా నాకు వాళ్లు గుర్తొస్తారు.

ఆ మాట సంతానం పెద్దది. ‘ఫ్రెల్సి’ స్వేచ్ఛ, ‘ఫ్రెల్సా’ విడిపించడం, క్రైస్తవం వచ్చాక ‘ఫ్రెల్సారి’ రక్షకుడైన ఏసు. స్వీడన్‌లో పన్ను కట్టనక్కరలేని ప్రభువర్గాన్ని ‘ఫ్రెల్సే’ అన్నారు. ఆటల పోటీల్లో పరుగు, దూకుడు, విసురుడు కలిపి ఐస్‌లాండ్‌లో ‘స్వేచ్ఛ క్రీడలు’, ‘ఫ్ర్యౌల్సర్ ఈథ్రోత్తిర్’. టీవీలో అది చూస్తున్న పిల్లవాడు మెడ గురించి ఆలోచించడు, అయినా ఆ మాటలో మెడ ఉంది.

ఇక సంస్కృతం. ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. లాటిన్‌లో మెడకు ఇంకో మాట ‘కొల్లుమ్’, దానికి ముందు రూపం ‘కొల్సొ’ లాంటిది. లాటిన్ ‘క’కారానికి జర్మానిక్ భాషల్లో ‘హ’కారం రావడం నియమం: కొమ్ము ‘కోర్నూ’ అక్కడ, ‘హోర్న్’ ఇక్కడ. కాబట్టి కొల్లుమ్, హౌల్స్ ఒకే మాట అన్నది గట్టి విషయం. ఆ కొల్లుమ్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిన ‘కాలర్’ మన చొక్కాకూ ఉంది. కాలర్ ఎగరేసే మన కుర్రాడి నోట్లో హౌల్స్ తోబుట్టువు ఆడుతూనే ఉంది. అంతకుముందు మూలం ఏమిటి? ‘తిరగడం’ అనే ధాతువు అని, తల తిరిగే ఇరుసు కనుక మెడ అయిందని పాత వివరణ. అదే ధాతువు నుంచి సంస్కృత ‘చక్రం’, గ్రీకు ‘కూక్లోస్’, ఐస్‌లాండిక్‌లో చక్రానికి వాడే ‘హ్యోల్’ వచ్చాయి. ఇంకో వాదం ప్రకారం మూలం ‘పైకి లేవడం’, అప్పుడు లాటిన్‌లో కొండ ‘కొల్లిస్’తో చుట్టరికం. రెండింటిలో దేన్నీ తీసిపారేయలేం. చాలా వెబ్‌సైట్లలో ‘హౌల్స్ అంటే చక్రమే’ అని తేల్చేస్తారు, అంత ధీమా వద్దు.

నిక్కమైన చుట్టరికం వేరే చోట ఉంది. ‘ఫ్ర్యౌల్స్’ మొదటి సగం ‘ఫ్రీ’ సంస్కృత ‘ప్రియ’కు తోబుట్టువు. ‘ప’ ‘ఫ’ కావడం మళ్లీ అదే నియమాల వరస. జర్మానిక్‌లో కూడా దాని మొదటి అర్థం ‘ప్రియమైన’ అనే. ఇంటివాళ్లు, తమవాళ్లు ప్రియులు, బానిసలు కాదు. అలా ‘మనవాడు’ అన్న భావం మెల్లగా ‘స్వతంత్రుడు’గా మారింది. ఐస్‌లాండిక్‌లో చుట్టాన్ని ‘ఫ్రైన్దీ’ అనడం, ఇంగ్లీషులో ‘ఫ్రెండ్’ అనడం ఆ పాత అర్థానికి సాక్ష్యం. మన ఇళ్లలో ప్రియ అని పేరు పెట్టుకున్న ఆడపిల్లలందరి పేరూ ఐస్‌లాండ్‌లో స్వేచ్ఛ అనే మాటలో సగం.

మెడనగకు చెప్పిన ‘హౌల్స్‌మెన్’లో కూడా ఒకటుంది. ‘మెన్’ ఒక్కటే పాత రోజుల్లో కంఠాభరణం, ఫ్రేయా దేవత ‘బ్రీసింగామెన్’ అందుకు పేరుపొందింది. ఆ ‘మెన్’ మూలం కూడా మెడే. సంస్కృతంలో మెడ వెనక భాగాన్ని ‘మన్య’ అంటారు, ఆయుర్వేదంలో మెడ పట్టేయడం ‘మన్యాస్తంభం’. అంటే హౌల్స్‌మెన్‌లో మెడ రెండుసార్లు ఉంది.

పోలికలు చూసి పొరబడే మాట ఒక్కటి చెబుతాను: స్వీడిష్ ‘హెల్సా’, ఐస్‌లాండిక్ ‘హెయిల్సా’. పలకరించడం, ఆరోగ్యం అని అర్థాలు. మెడ మీద చెయ్యి వేసి పలకరించడం నుంచి వచ్చిందని కథలు అల్లుతారు గానీ దానికి మూలం ‘హెయిల్’, అంటే క్షేమంగా, పూర్తిగా ఉండడం. హౌల్స్‌తో సంబంధం లేదు. కౌగిలించుకోవడానికి పాత నార్స్‌లో నిజంగానే ‘హల్సా’ అనే క్రియ ఉండేది, అదే ఈ గందరగోళానికి కారణం.

మీరు వెళ్లాక రోజూ పనికొచ్చేది మాత్రం విభక్తి. ‘ఈ హౌల్సినుమ్’ అంటే గొంతు లోపల, ‘ఔ హౌల్సినుమ్’ అంటే మెడ మీద. క్లినిక్‌లో డాక్టర్ ఎక్కడ నొప్పి అని అడిగితే ‘ఈ’ అనాలో ‘ఔ’ అనాలో ముందే చూసుకోండి. ఒకటంటే నాలుక చాపమంటారు, ఇంకొకటంటే తల తిప్పమంటారు. గట్టు మీద ఉన్నానని చెప్పడానికీ ‘ఔ’నే వాడతారు. ఆఫీసు చిరునామా చెప్పేటప్పుడు మాత్రం వీధి పేరును చతుర్థిలోకి మార్చి ‘లింగ్‌హౌల్సీ’ అనండి, ట్యాక్సీవాళ్లు వెంటనే అందుకుంటారు.